రూతక్క రెండో డబ్బా ఇచ్చిన రోజు

నిన్న పొద్దున శంకర్ నగర్‌లో మా ఆఫీసు మెట్లు ఎక్కుతుంటే ఫోన్ వచ్చింది. రూతక్క ఇక లేదట. హార్ట్ ఎటాక్.

మొన్ననే కూరగాయల బండి దగ్గర నిలబెట్టి మాట్లాడింది. నమ్మబుద్ధి కాలేదు.

తెలియనివాళ్లకి చెబుతున్నాను. రూతక్క ఇక్కడ, ఈ హిందీ ఊళ్లో, టీబీ ల్యాబ్‌లో టెక్నీషియన్. వాళ్లది నరసాపురం వైపు.

నేను ఆమె పేషెంట్‌ని. ఇన్నేళ్లూ ఈ మాట ఎవరికీ చెప్పలేదు.

పెళ్లయిన రెండో ఏడు నాకు టీబీ వచ్చింది. మూడు నెలలు మాత్రలు వేసుకున్నా దగ్గు తగ్గలేదు. నేను మాత్రలు పారేస్తున్నానని మా అత్తగారి అనుమానం. రోజూ నోరు తెరిపించి చూసేవారు. ఆవిడ తమ్ముడు మందులు మధ్యలో మానేసి చనిపోయాడు, ఆ భయం. "పుట్టింటికి పంపేద్దాం" అనే మాట కూడా ఇంట్లో మొదలైంది.

అప్పుడు డాక్టర్ కొత్త మెషీన్ మీద చేసే టెస్ట్ రాశారు. కఫం తెమ్మని డబ్బా ఇచ్చారు. ఇంట్లో అత్తగారు వింటుండగా కాండ్రించడం మర్యాద కాదని, కాస్త ఉమ్మి వేసి పట్టుకెళ్లాను. ఆవిడా నాతో వచ్చారు.

రూతక్క డబ్బా ఎత్తి చూసింది.

"ఇది ఉమ్మి తల్లీ. దీంతో మెషీన్ ఏం చెప్తాది?"

ఇంకో డబ్బా ఇచ్చి, సైకిల్ స్టాండ్ వెనక ఆరుబయటకి తీసుకెళ్లింది. మాస్క్ పెట్టుకుని తనే గట్టిగా దగ్గి చూపించింది. లైన్లో ఉన్నవాళ్లంతా మావైపే చూశారు.

"శరమ్ పడకు, సిగ్గెందుకు? జోర్ సే, గట్టిగా! లోపల్నించి రావాలి."

వచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను.

రెండు గంటల్లో రిజల్ట్. అంతకుముందైతే ఇది తేలడానికి వారాలు, నెలలు పట్టేదట. నాది మామూలు మందులకి లొంగని టీబీ.

డాక్టర్ హిందీలో చెప్పింది అత్తగారికి సరిగ్గా అర్థం కాలేదు. రూతక్క వచ్చి ఆవిడ పక్కన కూర్చుంది.

"ఆంటీ, ఈ రకం టీబీకి ఆ మాత్రలు ఎన్ని మింగినా పనిచేయవండి. అమ్మాయిని ఏమీ అనకండి. మార్చాల్సింది మందు."

అత్తగారు తల దించుకున్నారు.

ఆ వారమే మందులు మార్చారు. సులువుగా ఏం గడవలేదు. వాంతులు, నీరసం, చాలా నెలలు. కానీ తగ్గింది. మా ఇంట్లోనే ఉండి తగ్గించుకున్నాను.

నిన్న సాయంత్రం టాటీబంధ్‌లో రూతక్క వాళ్లింటికి అందరం వెళ్లాం. నాకంటే ముందు ఏడ్చింది మా అత్తగారే.

"నా కోడల్ని నాకు మిగిల్చావమ్మా" అన్నారు.

వెళ్లిరా రూతక్కా. ప్రభువు దగ్గర నీకు హాయిగా ఉండాలి.