దొంగను మార్చింది నేనే

టీవీలో పాత డిటెక్టివ్ కథలను కొత్తగా తీసి చూపిస్తున్నారు. వారానికొకసారి మా ఇంట్లో యుద్ధం. పుస్తకంలో ముక్కుపొడి పీల్చే డిటెక్టివు ఇక్కడ సిగరెట్టు కాలుస్తున్నాడేమిటని మా ఆయన గొడవ. హంతకుణ్ణి మార్చినవాళ్ల చేతులు విరగ్గొట్టాలని మా అమ్మాయి తీర్పు. నేను మాత్రం గమ్మునుంటాను. కొత్తిమీర కట్ట దగ్గర కూడా వాదించకుండా వదలని మనిషిని ఈ ఒక్క విషయంలో నోరెత్తకపోతే వాళ్లకు ఆశ్చర్యం. ఏం చెప్పను? హంతకుణ్ణి మార్చినవాళ్లలో నేనూ ఒకదాన్ని.

ఆంధ్ర రాష్ట్రం వేరుపడ్డాక వచ్చిన మొదటి వేసవి అది. చిత్తూరు ఆ పక్కకు పోయింది, మా గుడియాత్తం ఈ పక్క మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. మా బజారు వీధిలో ఇంటింటా మాట తెలుగే గానీ, బడికి వెళ్లిన నలుగురూ నేర్చింది అరవమే. తెలుగు అక్షరం వచ్చినదాన్ని ఆ వీధి ఆడవాళ్లలో నేనొక్కదాన్ని, వేలూరు కాలేజీలో తెలుగు తీసుకున్న పుణ్యాన. సెలవులకు వచ్చేటప్పుడు హాస్టల్లో ఉన్న చిత్తూరు పిల్ల దగ్గర డిటెక్టివ్ నవలలు అడిగి పెట్టె నిండా తెచ్చేదాన్ని.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మా వసారాలో ఎనిమిది మంది ఆడవాళ్లు చేరేవాళ్లు. చింతపండు గింజలు తీసే రోజులు. నేను చదవాలి, వాళ్లు గింజలు తీస్తూ వినాలి. దానికొక పందెం. చివరి అధ్యాయం ముందు నేను పుస్తకం మూసేస్తే, ఒక్కొక్కరూ దొంగెవరో చెప్పాలి. తప్పు చెప్పినవాళ్లు మర్నాడు, ఒప్పు చెప్పినవాళ్ల వాటా చింతపండు కూడా ఒలవాలి.

ఆ ఎనిమిది మందిలో మా మేనత్త ఒకరు. పదిహేనేళ్లకే భర్త పోయి పుట్టింటికి తిరిగొచ్చిన మనిషి. పెళ్లికీ పేరంటానికీ ఆమెను పిలిచేవాళ్లు లేరు. వంటిల్లు దాటి నలుగురిలో కూర్చునేది ఆ గంటన్నర మాత్రమే.

ఒకరోజు ఒక జమీందారుకు ఎవరు విషం పెట్టారో తేలే సమయం వచ్చింది. పుస్తకం మూశాను. అందరూ ఆ ఇంటికి వైద్యానికొచ్చే డాక్టరే అన్నారు. అత్త ఒక్కతే, "ఆ ఇంట్లో మేనత్త ఉండాది చూడు, ఆమె" అంది.

"అదేం మాటమ్మా! మొగుడు పోయి మూల కూర్చున్న మనిషి!" అంది బెల్లం మండీవాళ్ల అవ్వ.

"అందుకే చెప్తా ఉండా. ఆమె ఉండాదని ఆ ఇంట్లో ఒకరికీ గుర్తులేదు. గుర్తులేని మనిషికి తీరిక జాస్తి."

"నువ్వుగూడా ఏదన్నా యోచన పెట్టుకోనుండావా ఏమి?" అని లుంగీల కొట్టు కోడలు ఒక విసురు విసిరింది. అందరూ పగలబడి నవ్వారు.

నేను పేజీ తిప్పాను. అత్త చెప్పిందే నిజం. పైగా రచయిత ఆ భర్తలేనిదాన్ని పేజీ నిండా తిట్టిపోశాడు. ఆ నవ్వుల మధ్య ఈ తిట్లన్నీ మా అత్త నెత్తిన పడతాయని పద్దెనిమిదేళ్ల నాకు తోచింది. చూపు పుస్తకం మీదే ఉంచి, దేవుడిలాంటి ఆ డాక్టరును హంతకుణ్ణి చేసేశాను. దొంగ సంతకాలూ విషపు మాత్రలూ అప్పటికప్పుడు అల్లేశాను. అత్త "సరి" అంది. మర్నాడు ఏడుగురి చింతపండూ ఆమే ఒలిచింది.

పది రోజులకు చిత్తూరు నుంచి నాటకం కంపెనీ దిగి, సంత మైదానంలో తాటాకు పందిరితో కొట్టాయి వేసింది. అదే నవల, "నవీన పద్ధతిలో". ఆడవాళ్లకు ప్రత్యేకంగా మధ్యాహ్నం ఆట అని తమటె కొట్టి మరీ చాటారు. ఎండ అన్నాను, ఉక్క అన్నాను, నల్లులు అన్నాను. ఎవరు వింటారు? ఎప్పుడూ గడప దాటని అత్త అందరికంటే ముందు బయల్దేరింది. నా చదువు అబద్ధమని తెలిస్తే ఆమె మళ్లీ వసారాలోకి రాదు. ఆమెకున్న ఆ ఒక్క గంటన్నరా నా చేతులారా పోతుంది.

తెర లేచింది. పుస్తకంలో తలపాగా చుట్టుకుని నడిచొచ్చే డిటెక్టివు దొరటోపీ పెట్టుకుని మోటారు సైకిలు మీద వచ్చాడు.

"యాడరా నీ తలపాగా?" అని అవ్వ కేక.

"నడింట్లోకి బండేమిటికప్పా?" అని లుంగీల కొట్టు కోడలు.

అతను శవం పక్కన నిలబడి పాటెత్తుకున్నాడు. "పీనుగ ముందర పాటేంది నాయనా, సుమ్మా ఉండు!" అంటూ వేరుశనగ తొక్కలు విసిరారు. ఇంత సంతోషంగా తిట్టుకోవడం నేనెక్కడా చూడలేదు.

చివర్లో డిటెక్టివు మేనత్త వైపు వేలు చూపాడు. కొట్టాయి కూలిపోయేంత గోల. "డాక్టరు! డాక్టరు!" అని మావాళ్లంతా లేచారు. వేషంలో ఉన్న డాక్టరు బెదిరి రెండడుగులు వెనక్కి వేశాడు. "రాష్ట్రం వేరైతే కథగూడా వేరు చేస్తారా?" అని అవ్వ కర్ర ఎత్తింది.

డిటెక్టివు వేసినాయనే కంపెనీకి పెద్ద. టోపీ తీసి చేతులు జోడించాడు. "అమ్మల్లారా, టోపీ పెట్టినాము, బండి పెట్టినాము, పాట పెట్టినాము. దొంగను మాత్రం మార్చలేదు. ఇదో పుస్తకం, మీరే చూసుకోండి."

పుస్తకం చేతులు మారింది. అవ్వ తలకిందులుగా పట్టుకుని గంభీరంగా చూసింది. చివరికి నా దగ్గరికొచ్చి ఆగింది.

"చదువు కోడలా" అంది అత్త.

మళ్లీ అబద్ధం చదువుదామంటే అక్షరం వచ్చినవాడు ఎదురుగా ఉన్నాడు. అత్త నా పెదవుల వంకే చూస్తోంది. ఉన్నదున్నట్టు, తిట్లతో సహా చదివాను.

"ఆరు నెల్లా? ఒకరికీ తెలీకుండా ఆరు నెల్లు పాలల్లో కలిపిందా?" అంది అత్త.

"అవునత్తా."

"ఏమే, అట్లయితే ఆ పొద్దు గెలిచింది నేను."

"అవును. నువ్వు బాధపడతావని..."

"బాధా? ఏడుమంది చింతపండు ఒలిచి గోళ్లు నల్లబడిపోయినాయే, దానికి లేదా బాధ? ఏ కథలోనన్నా మా అట్లాటోళ్లు ఏడ్చేదానికి తప్ప పనికొచ్చినారా? ఒగే ఒగ కథలో ఒగ ఆడది ఇంత పని చేస్తే, దాన్ని ఎత్తుకోనిపోయి ఆ డాక్టరు చేతిలో పెట్టినావు గదే!"

మొదట నవ్వింది అవ్వ. ఆ తర్వాత కొట్టాయంతా. డాక్టరు వేషధారి మరీ ఎక్కువగా నవ్వాడు. సెలవులు అయ్యేదాకా ఎనిమిది మంది చింతపండూ నేనే ఒలవాలని అక్కడే తీర్పు అయిపోయింది. వాదించడానికి నోరు తెరిచి, జీవితంలో మొదటిసారి మూసుకున్నాను.

ఇంటికి వస్తుంటే అత్త నా చెయ్యి పట్టుకుంది. రేపు ఏ పుస్తకమని అడిగింది. కొంతదూరం నడిచాక ఆగి, "పాలగ్లాసు కడగలేదు, దానివల్లే దొరికిపోయింది పిచ్చిది" అంది. "నేనయితే కడిగి బోర్లించేసుంటాను."