డిక్కీలో నాన్న గొంతు

మనిషన్నాక పొరపాట్లు చేస్తాడు. కాకపోతే నాలుగు గోడల మధ్య చేసుకుంటాడు. నేను మాత్రం షామియానా వేయించి, చుట్టాలందరినీ పిలిచి, భోజనాలు పెట్టి మరీ చేశాను. గాజువాకలో మా నాన్న మొదటి జ్ఞాపకార్థ కూడిక రోజు నేను వెలగబెట్టిన ఘనకార్యం అది. మీరూ నవ్వుకోండి, మా చుట్టాలు ఇంకా ఆపలేదు.

నాన్న ఉక్కు ఫ్యాక్టరీలో క్రేన్ నడిపేవాడు. ఆ హోరులో అరిచి అరిచి ఆయన గొంతు బావిలోంచి వచ్చినట్టు ఉండేది. చర్చి పాటల బృందంలో, అదే క్వయర్‌లో, అందరికంటే కింది స్థాయి గొంతు, బేస్, పాడేవాడు. చిన్నప్పుడు పక్కన కూర్చుంటే ఆ గొంతు చెవులకంటే ముందు బెంచీ చెక్కలోంచి నా వీపుకి తెలిసేది. ఆయన పోయాక మాకు మిగిలింది ఒక్క క్రిస్మస్ పాట, అదీ ఎవరో సెల్‌ఫోన్‌లో రికార్డు చేసింది. ఫోన్‌లో పెడితే నాన్న కాస్తా దోమైపోయేవాడు. అమ్మ ఒకసారి చెవికి ఆనించుకుని విని, పక్కన పెట్టేసింది.

"ఇది మీ నాన్న గొంతు కాదురా. ఆయన పాడితే ఇక్కడ అదిరీది," అని గుండె మీద చెయ్యి వేసుకుంది.

ఆ అదురు నాకూ కావాలి. ఎంత కావాలంటే, ఎర్రలైటు దగ్గర పక్కన లారీ ఆగి గుర్రుమన్నా ఒక్క క్షణం కళ్లు మూసుకునేవాణ్ని.

అందుకే మద్దిలపాలెంలో ఒక షాపుకెళ్లి బేస్ ఒక్కటే మోగించే పన్నెండంగుళాల స్పీకర్లు, సబ్‌వూఫర్లు, రెండు, వాటిని బిగించే చెక్క డబ్బా, ఆంప్లిఫయర్ కొన్నాను. నాది చిన్న కారు. తా దూర కంత లేదు, డిక్కీకి రెండు డోళ్లు!

"ఫిట్టింగు మేం సేత్తాం సార్," అన్నాడు షాపతను.

"అక్కర్లేదండీ, అంతా చదువుకున్నాను," అన్నాను. చదివింది బీకామ్ అని ఆయనకు చెప్పలేదు.

ఇంటి దగ్గర డబ్బా బిగిస్తుంటే డేవిడ్ బావ వచ్చాడు. మా అక్క భర్త, పోర్టులో ఎలక్ట్రీషియన్.

"బావా, ఏటి సేత్తన్నావ్? ఒకదానికి ప్లస్సూ మైనస్సూ తిరగేసీసినావ్, సూసుకున్నావా?" అన్నాడు.

"కావాలనే బావా. రంపంతో దుంగ కోసేటప్పుడు ఒకడు తోస్తే ఇంకొకడు లాగడూ? అలాగే ఒకటి తోస్తే ఒకటి లాగుతుంది. బేస్ రెట్టింపు!"

బావ నన్ను చూశాడు, డబ్బాని చూశాడు. "సరే, నువ్వు సదువుకున్నోడివి," అని టీకి వెళ్లిపోయాడు. పాఠకులారా, ఎలక్ట్రీషియన్ వాదించకుండా టీకి వెళ్లాడంటే మనం భయపడాలి. నేను భయపడలేదు. పైగా ముందు తలుపుల స్పీకర్లకు బేస్ పూర్తిగా కట్ చేసి, ఆ భారమంతా వెనక డబ్బాకే అప్పగించాను.

కూడిక రోజు కారుని వెనక్కి నడిపి, డిక్కీ షామియానాలోకి తెరిచి పెట్టాను. పాస్టర్ అయ్యగారు ప్రార్థన ముగించి, "ఇప్పుడు మన సహోదరుడి గొంతు విందాం," అన్నారు. అమ్మ మొదటి వరసలో కొంగు సర్దుకుని కూర్చుంది. పాట మొదలైంది.

ఆడవాళ్ల గొంతులు కిలకిలమన్నాయి. హార్మోనియం వినబడింది. ఎవరో దగ్గడం కూడా వినబడింది. నాన్న లేడు. వాల్యూమ్ పెంచాను. దగ్గు పెరిగింది. చివరిదాకా తిప్పేశాను. షామియానా మీది కాకులు లేచిపోయాయి గానీ, నాన్న రాలేదు.

"ఒరే, అందరూ పాడతన్నారు, మీ నాన్న ఏడిరా?" అంది అమ్మ. "ముప్పై ఐదేళ్లు నాను సెప్పి సెప్పి సచ్చినా ఆ మనిసి నోరు ముయ్యలేదు. నువ్వు ఒక్క పూటలో ముయ్యించీసినావ్!"

షామియానా అంతా గొల్లున నవ్వింది. అమ్మ నవ్వలేదు. ఆమె కళ్లు డిక్కీలో వెతుకుతూనే ఉన్నాయి. నాకు కారు కిందకి దూరి అక్కడే ఉండిపోవాలనిపించింది.

బావ పకోడీ పొట్లం అక్క చేతిలో పెట్టి లేచాడు. "ఒకడు తోసిన గాలి పక్కోడు లాగీసుకుంటన్నాడు బావా. ఇంక బయటికేటొత్తాది?" అని, పాట ఆపించి, ఒక సబ్‌వూఫర్ వైర్లు రెండూ అటుది ఇటు, ఇటుది అటు మార్చాడు. నిమిషం పట్టలేదు. నేను పాట మళ్లీ మొదటినుంచి పెట్టాను. వాల్యూమ్ తగ్గించాలన్న సంగతి ఇద్దరికీ గుర్తు లేదు.

నాన్న వచ్చాడు. నంబర్ ప్లేటు గడగడలాడింది, స్టీలు గ్లాసులు బల్ల మీద నడిచాయి, అయ్యగారి కళ్లజోడు ముక్కు చివరికి జారింది. అదే గొంతు, బావిలోంచి. అమ్మ లేచి వచ్చి డిక్కీ అంచు మీద అరచెయ్యి ఆనించింది.

పాట అయిపోయింది, క్వయరంతా ఆగింది, నాన్న ఒక్కడూ ఆగలేదు. ప్రతి పాటకీ అంతే, చివరి స్వరాన్ని పట్టుకుని వదలడు. చర్చిలో అమ్మ ఆడవాళ్ల వైపు నుంచి కళ్లెర్రజేస్తే గానీ ఊరుకునేవాడు కాదు. ఆ స్వరం కూడా అయిపోయింది. నేను బాహాటంగా ఏడ్చాను.

తర్వాత అందరి ముందు చెయ్యెత్తి ప్రమాణం చేశాను. "ఇక ఈ జన్మలో సొంత తెలివితో ఏ వైరూ ముట్టుకోను. ఇంట్లో బల్బు మార్చాలన్నా బావ వచ్చేదాకా చీకట్లోనే కూర్చుంటాను. ఆమెన్."

"కూకుందువు గాని," అంది అమ్మ, డిక్కీ మీంచి చెయ్యి తియ్యకుండా. "ముందు ఆ సివరి ముక్క మళ్లీ ఎట్టు."