తిప్పమ్మ నైటీ తొడిగిన రోజు

తిప్పమ్మకు నైటీ అంటే ఒళ్లు మంట. ముదిగుబ్బ దగ్గరి ఆ పల్లెలో కోడళ్లే కాదు, అత్తలు కూడా ఎప్పుడో నైటీలకు దిగిపోయారు. మీద ఒక తువ్వాలు వేసుకుని అంగడికీ పోతారు, కొళాయి దగ్గర కొట్లాటకూ పోతారు. ఈవిడ మాత్రం అరవై దాటినా ఎగదోపుకున్న చీరలోనే గొర్రెల వెంట నడుస్తుంది. "సంచీలో దూరినట్ల అదేం బట్టే?" అని కోడల్ని దెప్పని రోజు లేదు. అలాంటి మనిషి పట్టపగలు వంకాయ రంగు మీద పసుపు పూలున్న నైటీ తొడుక్కుని వాకిట్లో నిలబడితే ఊరు నవ్వదూ? నవ్వింది. ఎందుకు తొడిగిందో తెలిస్తే అంత నవ్వేది కాదు.

ఇంట్లో మనుషులు తక్కువే. భర్త వెంకటరాముడైతే కొడుకు బడికి పోయే రోజుల్లోనే చనిపోయాడు. గొర్రెల మందను నమ్ముకుని తిప్పమ్మ ఆ ఒక్క కొడుకునూ పెంచింది. ఆ కొడుకు రామాంజి ఇప్పుడు టమోటాల బండి తోలుతున్నాడు. కోడలు నాగవేణిది కంబదూరు. వీళ్ల కూతురు ఆశ్రిత, రెండున్నరేళ్ల గడుగ్గాయి. నాగవేణికి మళ్లీ తొమ్మిదో నెల. తొలి కాన్పు పుట్టింట్లో, మలి కాన్పు అత్తింట్లో చేయడం అక్కడి ఆనవాయితీ. ఆనవాయితీ లేకపోయినా పోయేందుకు పుట్టిల్లు ఏది? వానలు మొహం చాటేశాక నాగవేణి అమ్మానాన్నలు బెంగళూరులో మేడలు కట్టే పనికి పోయి, ఆ మేడల పక్కనే రేకుల షెడ్డులో కాపురం పెట్టారు.

ఆశ్రిత పగలంతా అవ్వ మనిషే. దొడ్డిలో గొర్రెపిల్లల మెడలు వాటేసుకుంటుంది. అవ్వ సంగటి ముద్దకు చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి అద్ది పెడితే, కారం కారమని గంతులేస్తూనే ఇంకో ముద్దకు నోరు తెరుస్తుంది. కడుపులో తమ్ముడున్నాడని ఎవరో చెప్పిన పాపానికి నాగవేణి అవస్థ అంతా ఇంతా కాదు. ఒకరోజు వసారాలో కాస్త నడుం వాలిస్తే, ఈ పిల్ల గ్లాసుడు రాగి అంబలి తెచ్చి సరిగ్గా బొడ్డు మీద పోసింది. తమ్మునికి ఆకలట! నాగవేణి లబోదిబోమని లేచింది. రామాంజి మాత్రం పొట్ట పట్టుకుని నవ్వి, "ఉప్పేసినావా తల్లీ?" అని అడిగాడు. మగవాళ్లకేం, ఎన్నైనా అడుగుతారు.

నిద్ర దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ పిల్లకు అవ్వా లేదు, నాయనా లేడు. తల్లి నైటీ మెడ దగ్గర ముక్కు దూర్చి, అంచు పిడికిట్లో పట్టుకుంటే గానీ కన్ను మూయదు. నాగవేణి ఒకసారి రేషన్ షాపులో ఇరుక్కుపోతే రామాంజి పిల్లను భుజాన వేసుకుని ఊరంతా తిప్పాడు. బండిలో కూర్చోబెట్టి ముదిగుబ్బ దాకా తీసుకుపోయాడు. ఊహూ, ఏడ్చి ఏడ్చి కక్కుకుంది గానీ నిద్రపోలేదు.

ఇలా ఉండగా నాగవేణి కాళ్లు వాచాయి. చెప్పులు పట్టలేదు, తల పగిలిపోతోందంది. రామాంజి అనంతపురం ఆస్పత్రికి తీసుకుపోతే డాక్టరమ్మ చూసి, బీపీ బాగా ఎక్కువుంది, కాన్పయ్యేదాకా ఇక్కడే ఉండాలి, ఇంట్లో ఉంటే తల్లికీ బిడ్డకూ ఇద్దరికీ ముప్పే అని కచ్చితంగా చెప్పింది. వార్డులోకి చిన్నపిల్లల్ని రానివ్వరు. అంతే, నాగవేణి బట్టలు తెచ్చుకుంటానని చెప్పి ఇంటికొచ్చి మంచం కోడు పట్టుకుని కూర్చుంది.

"దీన్ని ఇడిసి నేను యాడికీ పోను. ఏడ్చి ఏడ్చి సచ్చిపోతాది."

"నేను సచ్చినానా? రామాంజిని పెంచినదాన్ని కాదా?" అంది తిప్పమ్మ.

"నీ కొడుకు మాదిరి కాదత్తా ఇది. నువ్వే సూసినావు కదా!"

బీపీ అంటే ఏమిటో తిప్పమ్మకు తెలియదు. వాచిన కాళ్లంటే తెలుసు. ఆమె చెల్లెలు అలాంటి కాళ్లతోనే ఇంట్లో కాన్పుకు కూర్చుంది, మళ్లీ లేవలేదు. ఆ మాట తొమ్మిదో నెల మనిషి ముందు ఎలా అంటుంది? గొర్రెలకు నీళ్లు పెట్టే నెపం మీద దొడ్డిలోకి పోయింది.

చివరికి అత్తాకోడళ్ల మధ్య ఒక ఒప్పందం కుదిరింది. నాగవేణి పొద్దున్నే పోయి ఆస్పత్రిలో చేరుతుంది. మధ్యాహ్నం ఆశ్రిత అవ్వ దగ్గర నిద్రపోతే అక్కడే ఉంటుంది. నిద్రపోలేదా, సాయంత్రానికి తిరిగి వచ్చేస్తుంది, ఎవరు చెప్పినా వినదు. తిప్పమ్మ సరేనంది. సరేనని, ఒక మాట అడిగింది.

"నువ్వు ఇడిసిన నైటీ ఉతకద్దు. దండెం మీద పారేసి పో."

నాగవేణి వింతగా చూసింది గానీ, అడిగే ఓపిక లేక బట్టలు సర్దుకోవడంలో పడింది.

తిప్పమ్మ లెక్క ఇదీ. తల్లి చచ్చిన గొర్రెపిల్ల దొడ్డిలో మిగిలిపోతే, ఏ గొర్రే దాన్ని దగ్గరికి రానివ్వదు, తలపెట్టి కుమ్ముతుంది. అప్పుడు ఆ వేళకు ఈనిన ఇంకో గొర్రెను చూసుకుని, దాని ఉమ్మనీరు ఈ దిక్కులేని పిల్ల ఒళ్లంతా పూస్తారు. గొర్రె వాసన చూస్తుంది, నాదే అనుకుంటుంది, పాలిస్తుంది. తిప్పమ్మ చేతుల మీదుగా అలా బతికిన పిల్లలు మందకు మంద ఉంటాయి. గొర్రెకు పనిచేసింది మనిషికి పనిచేయదా? వాసనే కదా ఈ పిల్లకూ కావలసింది!

మర్నాడు తల్లి పోతుంటే ఆశ్రిత పెద్దగా ఏడవలేదు. నాయన బండి హారన్ కొట్టి మురిపించాడు, అవ్వ గొర్రెపిల్లను చూపించింది, పొద్దు గడిచింది. గంగక్క అని పక్కింటావిడ, ఆ రోజుకు తిప్పమ్మ గొర్రెలను తన వాటితో పాటు తోలుకుపోతానని ఒప్పుకుంది. ఎండ ముదిరి, ఆశ్రిత కళ్లు నలుపుకుంటూ "అమ్మ యాడ?" అని మొదలుపెట్టగానే తిప్పమ్మ తలుపు చాటుకు పోయి చీర విప్పి ఆ నైటీ తొడుక్కుంది. నాగవేణి కొలతకు కుట్టింది ఈవిడకు చీలమండల పైకే ఆగిపోయింది. తలుపు తీసుకుని వాకిట్లోకి వచ్చేసరికి గంగక్క ఎదురుగానే ఉంది, నీళ్ల సీసా మరిచిపోయి వెనక్కి వచ్చిందట.

"ఓ యక్కా! కొత్త పెండ్లికూతురు మాదిరుండావే! యాడికి పయనం?"

"నీ నోట్లో మన్ను పడ. నోరు మూసుకోని గొర్రెలు తోలుకపో!"

గంగక్క నోరు మూసుకునే రకమా? వీధి మలుపు తిరిగేదాకా ఆమె నవ్వు వినిపిస్తూనే ఉంది, గొర్రెలు పొలిమేర దాటేలోపు ఊరంతటికీ తెలిసిపోయింది. సందులోంచి ఇద్దరు ముగ్గురు తొంగి చూశారు. తిప్పమ్మ సిగ్గుతో చచ్చిపోతూ, అయినా వెనక్కి తగ్గకుండా, ఆశ్రితను ఎత్తుకుని లోపల చాప మీద పడుకోబెట్టి తానూ పక్కన వాలింది.

పిల్ల ముక్కు నైటీ మెడలో దూర్చింది. ఒకసారి పీల్చింది, రెండోసారి పీల్చింది. పిడికిలి అంచును పట్టుకుంది. తిప్పమ్మ ఊపిరి బిగబట్టింది. అయిపోయింది, గెలిచినట్టే అనుకుంది. అప్పుడు ఆ పిల్ల కళ్లెత్తి పైకి చూసింది. అమ్మ నైటీలోంచి అవ్వ ముఖం!

ఆ ఏడుపు ఎలాంటిదో చెప్పలేను. అంతకుముందు అమ్మ లేదని ఏడ్చేది, ఇప్పుడు అమ్మను అవ్వ ఏదో చేసేసిందన్నట్టు ఏడ్చింది. నైటీని రెండు చేతులా పట్టి గుంజింది. "తీసేయ్! అమ్మది! తీసేయ్!" అని కాళ్లతో తన్నింది.

తిప్పమ్మ గబగబా ఆ నైటీ లాగి అవతల పారేసి, చీర చుట్టుకుంది. చుట్టుకుంటూ ఉండగానే తన తప్పు తనకే తట్టి నుదురు కొట్టుకుంది. వాసన పట్టేది తల్లిగొర్రె కదా, పిల్ల కాదు! పిల్లకు తల్లి అరుపు కావాలి. సాయంత్రం మంద ఇంటికొస్తే ఒక్కో పిల్లా తన తల్లి అరుపు వెతుక్కుంటూ అన్ని కాళ్ల మధ్యన పరుగెత్తేది రోజూ చూసేదే. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి గొర్రెల్లో పడి ఉండి, ఎవరికి ఏది కావాలో తిరగేసుకుంది. "థూ, నా బతుకు! గొర్రెకున్న తెలివి లేదు నాకు" అని తన్ను తానే తిట్టుకుంది.

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. రామాంజి వీడియో కాల్. తిప్పమ్మకు పచ్చ గుర్తు నొక్కడం వరకే వచ్చు. నొక్కి, ఫోనును బిందెకు ఆనించింది. ఆస్పత్రి మంచం మీద నాగవేణి, చేతికి సెలైన్ సూది, మొహం ఉబ్బి ఉంది.

"ఆశమ్మా, ఏడుస్తాండావా బంగారూ? ఇంకా నిద్రపోలేదా అత్తా?"

తల్లి గొంతు విన్న ఆశ్రిత ఫోను మీదికి దూకి అద్దాన్ని గోళ్లతో గీరింది. అరుపు రెట్టింపయింది. మొహం ఎర్రబారి ఊపిరి ఆగి ఆగి వస్తోంది. అటు నుంచి నాగవేణి అదంతా చూసింది. ఒక్క ఉదుటున మంచం దిగింది.

"ఏమప్పా, సిస్టర్ని పిలిచి ఈ సూది తీయమను. పోదాం పద."

"ఉండవే, డాక్టరమ్మ ఏం చెప్పినాది?" రామాంజి గొంతు గాబరాగా వినిపించింది.

"ఏమన్నా చెప్పనీ. నా బిడ్డ ఆడ సచ్చిపోతాంటే నేనీడ పండుకుంటానా?"

తిప్పమ్మ ఇక తట్టుకోలేకపోయింది. భర్త శవం వాకిట్లో ఉన్న రోజున కూడా నలుగురి ముందు కన్నీళ్లు పెట్టని మనిషి, చాప మీద చతికిలబడి బావురుమంది.

"రావద్దే నాగవేణీ! నీకు దండం పెడతా, రావద్దు. మా చెల్లెలు ఇట్లే వాచిన కాళ్లతో ఇంట్లోనే ఉండి మళ్లీ లేయలే. నువ్వూ పోతే ఈ బిడ్డకు నేనేం చెప్పల్ల? యాడికి తీసకపోయి సూపించల్ల?"

ఫోనులో నాగవేణి నిలబడ్డది నిలబడ్డట్టే ఉండిపోయింది. ఇన్నాళ్ల కాపురంలో అత్త నోట చెల్లెలి మాట వినడం ఆమెకు అదే మొదలు.

ఆశ్రిత అరుపు మధ్యలో ఆగింది. పెద్దవాళ్లు ఏడవడం ఆ పిల్ల ఎన్నడూ చూడలేదు. అందులోనూ అవ్వ! నోరు తెరుచుకునే చూసింది. చీమిడి కారుతుండగా దగ్గరికి వచ్చింది. అవ్వ చెంపల మీద తడిని ఒక వేలితో ముట్టుకుంది. తరువాత తిప్పమ్మ మెడ పట్టుకుని కిందికి గుంజింది. ఎందుకో తెలియకపోయినా తిప్పమ్మ వంగింది, ఆ చిన్ని చేతులు ఎటు లాగితే అటు వాలింది.

"పండుకో" అంది ఆశ్రిత.

తిప్పమ్మ పడుకుంది. పిల్ల పక్కన కూర్చుని, వెక్కిళ్లు ఇంకా తగ్గకుండానే, అవ్వ భుజం మీద తన చేత్తో కొట్టడం మొదలుపెట్టింది. మెల్లగా కాదు, తప తపా గట్టిగానే కొట్టింది. "జో... జో... ఏడద్దు... జో." రోజూ తల్లి తనకు చేసేదంతా చేసింది. అవ్వ నుదుటి మీద జుట్టు వెనక్కి తోసింది. కళ్లు మూసుకోలేదని రెప్పల మీద వేళ్లు పెట్టి మూసింది. తన్ను ఒకరు జోకొట్టి ఎన్నేళ్లయిందో తిప్పమ్మకు గుర్తు లేదు, అసలు ఎవరైనా జోకొట్టారో లేదో కూడా తెలియదు. కళ్లు మూసుకునే ఏడ్చింది, ఈసారి చప్పుడు రాకుండా.

కొడుతూ కొడుతూ ఆ చెయ్యి బరువెక్కింది. మధ్యమధ్య ఆగింది. మళ్లీ గుర్తొచ్చినట్టు ఒక దెబ్బ వేసింది. కాసేపటికి ఆశ్రిత అలాగే పక్కకు ఒరిగి, అవ్వ చేతి మీద తల పెట్టి, ఆ చీర మడతల్లో ముక్కు దూర్చింది. ఆ చీరలో గొర్రెల వాసన తప్ప ఏముంటుంది? పిల్ల దానికేమీ అనలేదు. ఒక పెద్ద నిట్టూర్పు వదిలి నిద్రపోయింది.

తిప్పమ్మ కళ్లు మాత్రం తెరిచి ఫోను వైపు చూసింది. నాగవేణి ఎప్పుడు కూర్చుందో, మంచం మీద కూర్చుని ఉంది. సూది చేతికే ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది.

"అత్తా," అంది గుసగుసగా, "ఫోను పెట్టేయి. మాటలకు లేస్తాది."

"నువ్వు?"

"ఈడే ఉంటాలే. పండుకుంటాండా."

నాగవేణి నిజంగానే వెనక్కి వాలి, వాచిన కాళ్లు ఒక్కొక్కటే ఎత్తి మంచం మీద పెట్టుకుంది. తిప్పమ్మ ఫోను పెట్టేద్దామనుకుంది గానీ, చెయ్యి చాపితే పిల్ల తల కదులుతుంది. అందుకని అలాగే ఉండిపోయింది. అటు నుంచి నాగవేణీ పెట్టేయలేదు.