మామగారు విన్న నాడి

మొన్న సోమవారం పొద్దున మా మామగారు చిత్తూరులో పోయారు. మా ఆయనకు రేణిగుంట రైలు స్టేషన్లో ఉద్యోగం. తంతి ఆయన చేతికే వచ్చింది. ఇంటికొచ్చి గడపలోనే నిలబడి తంతి కాగితం నా చేతిలో పెట్టారు. "నాయన లేడు" అన్నారు. మామగారు ఒక రోగిని చూసి పంపించి, చేతులు కడుక్కుని, తుండుగుడ్డతో తుడుచుకుంటూ కుర్చీలో కూర్చున్నారట. అట్లే ఒరిగిపోయారట.

ఆయన వైద్యం గురించి చదువుకున్నవాళ్లు రాస్తారు. నేను ఐదో తరగతితో బడి మానినదాన్ని. అయితే ఆయన పనిలో కొంత మా వంటింటి తలుపు దగ్గర జరిగింది. అక్కడ ఉన్నది అత్తగారూ నేనూ మాత్రమే. అందుకని ఇది రాస్తున్నాను.

మామగారు మద్రాసులో ఎల్.ఎం.పి. చదివి చిత్తూరులో ఇంటి వసారాలోనే రోగులను చూసేవారు. జ్వరాలు, పుండ్లు, తేలుకాట్లు, ఏవి వచ్చినా చూసేవారు గానీ ఆయన మనసంతా గుండె మీదే. నాడి తప్పి కొట్టుకునే మనిషి వస్తే ఆ పూట ఆయనకు భోజనం గుర్తుండేది కాదు. చెయ్యి పట్టుకుని చాలాసేపు విని, ఆ తర్వాత ఒక్క ప్రశ్న అడిగేవారు. "చిన్నప్పుడు కీళ్లు వాచి జ్వరం వచ్చిందా?"

బజారులో దీని మీద నవ్వుకునేవాళ్లు. గుండె దడ అని పోతే మోకాళ్లు చూస్తాడప్పా ఈయన, అని. ఆ మాట ఆయన చెవినా పడింది. ఆయన కూడా నవ్వి, మోకాళ్లు చూడడం మాత్రం మానలేదు. గుండెలో చిన్న చిన్న తలుపులుంటాయనీ, చిన్నతనంలో ఆ జ్వరం వచ్చిన కొందరికి అవి బిగుసుకుపోతాయనీ, అది పైకి తెలిసేసరికి ఏండ్లు గడిచిపోతాయనీ అత్తగారికి చెబుతుంటే నేను లోపలినుంచి విన్నాను. ఇంగ్లీషు పుస్తకాల్లో ఈ సంగతి ఉండనే ఉందట. మన పల్లెల్లో ఇది ఎంతమందికి ఉంది, కూలిపోకముందే ఎట్లా పసిగట్టాలి అన్నదే ఆయన పట్టుకున్న పని. దానికోసం ఏటా బ్రహ్మోత్సవాలకు తిరుపతి పోయి, అలిపిరిలో మెట్ల మొదట ఒక బల్ల వేసుకుని కూర్చునేవారు. కొండెక్కబోయే యాత్రికులు చెయ్యి చాపితే నాడి చూసేవారు. కొందరిని బతిమాలి వెనక్కు పంపేవారు. తిట్టినవాళ్లూ ఉన్నారట. "నొప్పి చెప్పుకోని వాళ్ల దగ్గరే ఎక్కువసేపు కూసోవాల" అనేవారు.

ఇట్లాంటి మనిషి ఇంట్లో ఉన్నా నా నాడి ఆయన చూడలేదు. మా ఇళ్లలో కోడలు మామగారి ఎదట నిలబడదు, ఆయనతో నేరుగా మాట్లాడదు. ఇక చెయ్యి తాకడమన్న మాటే లేదు. కాపురానికి చిత్తూరొచ్చిన కొత్తలో నాకు జ్వరం తగిలితే ఆయన ఒక ఉపాయం చేశారు. నేను వంటింట్లో తలుపు చాటున కూర్చుంటాను. అత్తగారు నా పక్కన కూర్చుని ఒక చేత్తో నా మణికట్టు పట్టుకుంటారు. నాడి ఒక్కో దెబ్బ కొట్టినప్పుడల్లా రెండో చేతి వేలితో తలుపు చెక్క మీద తట్టాలి. మామగారు అవతల కుర్చీలో గడియారం పట్టుకుని, కళ్లు మూసుకుని వింటారు. విని, బాగుంది అనేవారు. తర్వాత ఎప్పుడు ఒంట్లో నలతగా ఉన్నా అదే పద్ధతి. ప్రతిసారీ బాగుందనే అన్నారు.

నాకు మాత్రం బాగుండేది కాదు. బావినుంచి బిందె తెస్తే ఆయాసం. రుబ్బురోలు దగ్గర కూర్చుంటే గుండె గొంతులోకి వచ్చినట్టుండేది. డాక్టరే బాగుందన్నాక కోడలు ఏమని చెబుతుంది? పక్కింటావిడ, ఈ కాలం పిల్లలకు పని చెబితే దమ్ము వస్తుందని నా ఎదటే అంది. అత్తగారు నన్ను ఏమీ అనలేదు గానీ ఆమెకు ఒక మొక్కు ఉండింది. కొడుక్కి పెళ్లయితే కొత్త దంపతులను నడిపించి కొండెక్కిస్తానని మొక్కుకున్నారు. అప్పటికింకా కొండకు బస్సు లేదు. కార్తీకంలో ప్రయాణమని నిశ్చయమైంది. ఆ మెట్లు తలుచుకుంటేనే నాకు చెమటలు పట్టేవి.

ప్రయాణం దగ్గరపడ్డాక ఒక పొద్దున నేను పిండి రుబ్బుతున్నాను. మామగారు అవతల పేపరు చదువుకుంటున్నారు. రోలు చప్పుడు కాస్త సాగి ఆగడం, మళ్లీ సాగి ఆగడం ఆయన చెవిన పడింది. పేపరు మడిచి అత్తగారిని పిలిచి, అమ్మాయి నాడి చూడమన్నారు. నేను చెయ్యి కడుక్కుని తలుపు చాటున కూర్చున్నాను. అత్తగారు తట్టారు. ఎప్పటిలాగే అందంగా, ఒకే నడకలో తట్టారు.

మామగారు బాగుంది అనలేదు. గడియారం ఒళ్లో పెట్టుకుని అత్తగారితో అన్నారు.

"ఏమే, నీ చెయ్యి భజన చేస్తాండాది. అది అమ్మాయి నాడి కాదు."

అత్తగారికి కోపం వచ్చింది. శనివారం భజనలో తాళాలు పట్టేది ఆమే. ఆమె తాళం వేస్తే ఊళ్లో వంక పెట్టినవాళ్లు లేరు.

"ఇన్నేండ్లు తాళం పట్టిన చెయ్యి. తప్పుతుందా యాడన్నా?"

"తప్పదు. అదే వచ్చిన తంటా."

అప్పుడు తలుపు వైపు తిరిగి, గొంతు తగ్గించి, బొటనవేలి కింద ఎముక పక్కన రెండు వేళ్లు ఎట్లా పెట్టాలో నాకే చెప్పారు. "నువ్వే తట్టు తల్లీ. తప్పుగా ఉంటే తప్పుగానే తట్టు."

నేను తట్టాను. రెండు దగ్గర దగ్గరగా వచ్చాయి. ఒకటి రావాల్సిన చోట రాలేదు. తర్వాత మూడు నాలుగు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. నా వేలు వాటి వెంట పడలేక తడబడింది. అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది.

"అమ్మా, లోపలికొస్తాండా" అని మామగారు వంటింట్లోకి వచ్చారు. నేను లేచి గోడకు తిరిగాను. ఆయన పీట వేసుకుని కూర్చుని చెయ్యి చాపారు. అత్తగారు అడ్డు చెప్పలేదు. ఆయన నా చెయ్యి పట్టుకుని ఎంతసేపు విన్నారో తెలియదు. తర్వాత ఊళ్లో అందరినీ అడిగే ప్రశ్నే నన్నూ అడిగారు. తల ఊపాను. నగరి దగ్గర మా పుట్టింట్లో ఉండగా వచ్చింది. మోకాళ్లు వాచి నెలల తరబడి మంచం దిగలేదు.

"ఊరందరి చేతులూ పట్టుకున్నా. ఇంట్లో బిడ్డ చెయ్యి పట్టలేదు" అన్నారు ఆయన. నాతో అన్నారో, అత్తగారితో అన్నారో.

అత్తగారు ఏడ్చారు. కావాలని చేసింది కాదు. దెబ్బ రాని చోట ఆమె వేలు దానంతటదే పూరించింది. మామగారు ఆమెను ఒక్క మాట అనలేదు. పైగా మర్నాడు ఆమెనే కూర్చోబెట్టి, నా చెయ్యి ఒకటి, తన చెయ్యి ఒకటి ఇచ్చి, తేడా పట్టుకోవడం నేర్పారు. నాకు గుండె నడక నిమ్మళించే చుక్కల మందు మొదలుపెట్టారు. యుద్ధం రోజులు, అది దొరికేది కాదు. మద్రాసులో తనతో చదువుకున్నవాళ్లకు రాసి తెప్పించేవారు. మెట్లెక్కితే నా ప్రాణానికే ముప్పని మా ఆయనను కూర్చోబెట్టి చెప్పారు.

మొక్కు మాటేమిటని అత్తగారు భయపడ్డారు. కోడలి కాళ్లు ఇస్తానన్నది నువ్వు, ఇయ్యలేనంటున్నది నేను, స్వామికి నేనే సమాధానం చెప్పుకుంటాలే అన్నారు మామగారు. నాకు డోలీ కుదిర్చారు. నా వంతు మెట్లు తాను నడుస్తానన్నారు.

అట్లాగే నడిచారు. మా ఆయనా అత్తగారూ ముందు పోయారు. మామగారు డోలీ పక్కన, నా మణికట్టు వదలకుండా. దారిలో ఒక ముసలమ్మ ఆగి నన్ను ఎగాదిగా చూసి, "ముసిలాయన నడస్తాండాడు, పడుచుపిల్ల డోలీలోనా" అంది. నేను కొంగులో ముఖం దాచుకున్నాను. "ఆ పాప కాళ్లకేం కాలేదమ్మా, గుండెకు సెలవిచ్చినా" అన్నారు మామగారు. ముసలమ్మ నవ్వి, ఆయన వెంట కొంతదూరం నడిచి, తన చెయ్యి కూడా చూపించుకుంది.

మోకాళ్ల పర్వతం దగ్గర మెట్లు నిటారుగా ఉంటాయి. ఆయనకు ఊపిరి అందలేదు. డోలీ దించమని మోసేవాళ్లకు సైగ చేశాను. "మామా, కాసేపు కూసోండి" అన్నాను. నేను ఆయనతో నేరుగా అన్న మొదటి మాట అదే. ఆయన బుద్ధిగా మెట్టు మీద కూర్చున్నారు.

మళ్లీ లేచాం. కొండ మీద మంచు దిగుతూ ఉంది. జనం గోవింద కొడుతున్నారు. డోలీ ఊగుతుంటే ఆయన ఒక చేత్తో పంచె కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని, రెండో చెయ్యి పైకి చాపి నా నాడి పట్టుకుని నడుస్తున్నారు. పెదవులు మెల్లగా కదులుతున్నాయి. చూసినవాళ్లు ఆయన గోవింద నామం చెప్పుకుంటున్నారనుకుని దారి ఇచ్చారు. ఆయన నా నాడి లెక్కపెడుతున్నారు.