పేర్లు కొట్టించిన గ్లాసు

సీతారావమ్మ గురించి చెప్పాలంటే ముందు ఒక స్టీలు గ్లాసు గురించి చెప్పాలి. ఆమె పెళ్ళికి మేనమామ చదివించిన గ్లాసు అది. దాని మీద చుక్కల అక్షరాలతో అంకమ్మరావు, సీతారావమ్మ అని పేర్లు కొట్టించి ఉంటాయి. పటమటలో కాలవ పక్క సందులో ఉన్న చిన్న చర్చికి ఏళ్ళ తరబడి, యేసు కడపటి విందు గుర్తుగా నెలకో ఆదివారం ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల మీది గిన్నె అదే. వెండి గిన్నె కొనే తాహతు ఆ సంఘానికి అప్పట్లో లేదు. ఆ తర్వాత వచ్చినా ఆమె కొననివ్వలేదు.

ఆమె పుట్టింది చల్లపల్లి దగ్గర ఒక పల్లెలో. ఆ ఊళ్ళో క్రైస్తవులది ఒకటే చర్చి, పేటలు మాత్రం రెండు. అందరూ ఊరి బయటికి నెట్టేయబడ్డవాళ్ళే, మళ్ళీ వాళ్ళలో వాళ్ళకి ఒక గీత. పెద్దపేట వాళ్ళు ముందు కూర్చుని గిన్నెకి పెదవి ఆనించి ద్రాక్షరసం తాగేవాళ్ళు. చిన్నపేట వాళ్ళ వరస వచ్చేసరికి సంఘపెద్ద గిన్నె పైకెత్తి, వాళ్ళ దోసిట్లోకి పోసేవాడు. సీతారావమ్మ తల్లి తల వంచి తాగుతుంటే రసం మోచేతుల దాకా కారేది. అది కూడా ఆరాధనలో భాగమే కాబోలనుకుంది చిన్నప్పుడు. పెద్దయ్యాక సంగతి అర్థమై ఒళ్ళు మండింది. ఆ మంట చల్లారలేదు.

పెళ్ళయి బెజవాడ వచ్చాక, తాపీపని చేసే అంకమ్మరావు తన చేత్తో గోడలు కట్టి, రేకులు వేసి ఆ చర్చిని నిలబెట్టాడు. భార్య చెప్పిన మీదట అక్కడ రెండు పద్ధతులు పెట్టారు. ఒకటి, ఆదివారం అందరికంటే ఆలస్యంగా వచ్చినవాళ్ళకే మొదటి గుక్క. ఎందుకంటే ఆలస్యంగా వచ్చేది బద్ధకస్తులు కాదు, పాచిపని చేసుకుని వచ్చేవాళ్ళు, రోడ్లూడ్చి వచ్చేవాళ్ళు. రెండోది, ఎవరూ గ్లాసు ఎత్తి పోసుకోకూడదు. పెదవి ఆనాలి. కొత్తగా వచ్చినవాళ్ళెవరైనా మొహమాటపడితే అంకమ్మరావు నవ్వుతూ, "ఆనించండి బాబూ, అరిగిపోదు," అనేవాడు.

ఆ మొదటి గుక్క ఎక్కువసార్లు చౌడేశ్వరికే దక్కేది. ఆమె కాంట్రాక్టు మీద మురిక్కాలవలు తీసే మనిషి. పేరు మార్చుకోమని ఆమెని అక్కడ ఎవరూ అడగలేదు. డ్యూటీ దిగి, పంపు దగ్గర కాళ్ళు కడుక్కుని, ఆ యూనిఫాం చీరతోనే పరిగెత్తుకొచ్చేది. ఆమె తాగిన గ్లాసు పక్కనున్న బడిపంతులు అందుకునేవాడు, ఆయన దగ్గర్నుంచి కుట్టుపని చేసే అమ్మాయి. ఒకసారి ఆమెతో పనిచేసేవాళ్ళకి చేతి తొడుగులు ఇవ్వకపోతే సంఘమంతా కాంట్రాక్టరు ఇంటి ముందు కూర్చుని, ఇచ్చేదాకా పాటలు పాడింది. తమ పాటలు భరించలేకే ఇచ్చాడని సీతారావమ్మ వేళాకోళం చేసేది.

కరోనా వచ్చింది. అంకమ్మరావుని తీసుకుపోయింది. ఆ భయంలో, ఆ దుఃఖంలో, బీసెంట్ రోడ్డుకి వెళ్ళి మనిషికొకటి చొప్పున చిన్న చిన్న ప్లాస్టిక్ కప్పులు కొనుక్కొచ్చింది ఎవరో కాదు, సీతారావమ్మే. తన గ్లాసు ఇంకొకరి ప్రాణం మీదికి తేకూడదనుకుంది. అందులో తప్పేముంది? తప్పు ఆ తర్వాత జరిగింది. కరోనా పోయింది, కప్పులు పోలేదు. చర్చి పెరిగింది. రేకులు పోయి స్లాబు పడింది, చాపలు పోయి కుర్చీలొచ్చాయి, సందులో కార్లు ఆగుతున్నాయి. కొత్త పాస్టరు భానుచందర్ మంచివాడే, కానీ ఎవరి మనసూ నొప్పించడు. గ్లాసు మాట ఎత్తినప్పుడల్లా, "చూద్దామమ్మగారూ, కొంచెం టైమివ్వండి," అనేవాడు.

కప్పుల పళ్ళెం ముందు వరసనుంచి మొదలయ్యేది. ఒక ఆదివారం చౌడేశ్వరి వచ్చేసరికి కప్పులన్నీ అయిపోయాయి. సీతారావమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, "వచ్చే నెల ముందే తీసి పెడతాలే," అంది. చౌడేశ్వరి తలూపింది. ఆ తర్వాత ప్రభువు బల్ల ఉన్న ఆదివారాలు ఆమె రావడం మానేసింది. విడిగా తీసి పెడతాననే మాట తన నోటినుంచి ఎలా వచ్చిందా అని సీతారావమ్మ ఎన్నిసార్లు కుమిలిపోయిందో.

బుడమేరు వరదప్పుడు సింగ్‌నగర్‌లో బురద ఎత్తడానికి పంపినవాళ్ళలో చౌడేశ్వరి ఉంది. ఇంటికొచ్చి జ్వరంతో మంచం పట్టింది. సంగతి తెలిసి సీతారావమ్మ నల్లద్రాక్ష ఉడకబెట్టి, రసం తీసి, ఆ పేర్ల గ్లాసు కొంగున కప్పుకుని కాలవగట్టు మీద ఆమె ఇంటికి వెళ్ళింది. చౌడేశ్వరి లేచి గోడకి ఆనుకుని కూర్చుంది. కూతురు సుస్మిత వెనక దిండు పెట్టింది.

"తాగవే," అంది సీతారావమ్మ గ్లాసు నోటి దగ్గర పెట్టి.

చౌడేశ్వరి గ్లాసు పట్టుకుంది కానీ తాగలేదు. "ఒక్కదాన్నే తాగేదానికి ఆ చిన్న కప్పయినా ఒకటే గదా పిన్నిగారూ."

సీతారావమ్మ గ్లాసు తీసి పక్కన పెట్టింది.

"ఈ ఆదివారం బల్ల గదా, లేచి వస్తాను. ఎప్పట్లాగే లేటుగా వస్తాలే. అందరి ముందూ ఇవ్వండి. నా తర్వాత ఎవరు తాగుతారో చూడాలని ఉంది," అని చౌడేశ్వరి చిన్నగా నవ్వింది.

"ఇస్తానమ్మా. నీకిచ్చిన మాట ఇది," అంది సీతారావమ్మ.

శుక్రవారం చౌడేశ్వరి చనిపోయింది. సంఘమంతా వచ్చింది. కార్లున్నవాళ్ళూ వచ్చారు, పూలదండలు తెచ్చారు, సమాధి దగ్గర గొంతెత్తి పాడారు. పోయిన మనిషికి ఎడంగా ఎవరూ నిలబడలేదు. సీతారావమ్మ అదంతా చూసి ఏడుస్తూనే కొంచెం ధైర్యం తెచ్చుకుంది.

శనివారం పాస్టరు దగ్గరికి వెళ్ళి అడిగింది. ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. చౌడేశ్వరి జ్ఞాపకార్థం రేపు పాత గ్లాసేనని తనే అందరికీ కబురు పెట్టాడు. ఎవరూ కాదనలేదు. ఇంత సులువైన పనికి ఇన్నేళ్ళు ఆగానేమిటా అనుకుంది సీతారావమ్మ. ఆ రాత్రి గ్లాసుని చింతపండుతో తళతళలాడేలా తోమింది.

ఆదివారం కావాలనే ఆలస్యంగా వెళ్ళింది. చౌడేశ్వరికి రావలసిన మొదటి గుక్క ఆమె పేరు చెప్పి తను తాగింది. నిండా పెదవి ఆనించి తాగి, గ్లాసు పాస్టరు చేతిలో పెట్టింది. భానుచందర్ కళ్ళు మూసుకుని ప్రార్థించాడు. తర్వాత తల వెనక్కి వంచి, గ్లాసు పైకెత్తి, నోట్లోకి పోసుకున్నాడు. పెదవి తగల్లేదు.

పరధ్యాసలో అలా చేశాడేమో అనుకుంది ఆమె. గ్లాసు ముందు వరసకి వెళ్ళింది. వాళ్ళూ ఎత్తే పోసుకున్నారు. బడిపంతులు, ఒకప్పుడు చౌడేశ్వరి చేతిలోంచి అందుకుని తాగినాయన, ఆయనా ఎత్తాడు. ఎంత మర్యాదగా, ఎంత భక్తిగా తాగారని! ఒక్కరూ వద్దనలేదు. వద్దంటే పోట్లాడేది, నలుగురిలో నిలదీసేది. ఇప్పుడెవరినని అడుగుతుంది? చల్లపల్లి దగ్గర చర్చిలో తల్లి దోసిలి ఆమె కళ్ళముందు నిలిచింది. పైనుంచి పోసే చెయ్యి ఊరొదిలి ఆమె వెంటే వచ్చినట్టుంది. భయపడడం నేర్పిన కప్పులు తన చేత్తో కొన్నవే కదా అనుకుంది.

గ్లాసు వరసలన్నీ తిరిగి చివరికి గుమ్మం పక్కన కూర్చున్న సుస్మిత దగ్గరికి వచ్చింది. ఆ పిల్ల లేచి నిలబడింది. తల్లి కూర్చునే చోటే అది. గ్లాసు రెండు చేతులా అందుకుని, అందరివంకా ఒకసారి చూసి, తల వెనక్కి వంచి తనూ పైకెత్తింది.

సీతారావమ్మ గబగబా వెళ్ళి ఆ చెయ్యి పట్టుకుంది. ఆమె మొహమంతా కన్నీళ్ళు. "నువ్వయినా పెదవి ఆనించమ్మా," అంది.

సుస్మిత మెల్లగా తల అడ్డంగా ఊపింది. "వద్దులే అమ్మమ్మా. మళ్ళీ మీరంతా తాగాల్సిన గ్లాసు గదా."