పల్లె అనని పెద్దమనిషి

హియరోనిమ్ సొవా నోట ‘పల్లె’ అన్న మాట రాదు. ఒల్షానెక్‌లోనే పుట్టి, అక్కడే బస్సు డ్రైవరుగా పనిచేసి, అక్కడే రిటైరై, డెబ్భై దాటిన మనిషి. బూతులు తిట్టగా విన్నవాళ్ళున్నారు, పాటలు పాడగా విన్నవాళ్ళున్నారు. ఈ మాట అనగా విన్నవాళ్ళు లేరు. మరీ తప్పనప్పుడు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, “ఆ మాట” అంటాడు, పిల్లల ముందు పెద్దవాళ్ళు ఏదో దాటేసినట్టు.

దీనికి కారణం రష్యా చక్రవర్తి. నూటయాభై ఏళ్ళ కిందట, తిరగబడ్డ పోలండ్ జనానికి బుద్ధి చెప్పాలని ఆయన వందలాది పట్నాలను ఒక్క కలంపోటుతో పల్లెలు చేసేశాడు. ఒల్షానెక్ వాటిలో ఒకటి. తర్వాత చక్రవర్తులు పోయారు, సామ్రాజ్యం పోయింది, ఒల్షానెక్ మాత్రం పల్లెగానే మిగిలిపోయింది. హియరోనిమ్ దృష్టిలో అది పల్లె కాదు, “తాత్కాలికంగా అన్యాయం జరిగిన పట్నం”.

ఆయన వల్ల అందరికంటే ఎక్కువ బాధపడేది బోగ్నా విల్గా. ఆవిడ ఊరి పెద్ద. జనం ఓట్లేసి ఎన్నుకుంటే మూడోసారి ఆ పదవిలో ఉంది. ఇంటి గోడకి ఎర్ర రేకు మీద తెల్ల అక్షరాలతో ‘పల్లె పెద్ద’ అని పలక ఉంటుంది. హియరోనిమ్ ఆ ఇంటి ముందుకి రాగానే టోపీ తీసి, ఆవిడకి వంగి నమస్కారం పెట్టి, ఆ పలక వైపు మాత్రం చూడకుండా తల పక్కకి తిప్పుకుంటాడు.

“పాని బోగ్నా, రేపు పదింటికి మీకు తీరికవుతుందా?” అని అడిగాడొకరోజు, గేటు బయటే నిలబడి. వాళ్ళ భాషలో ‘గారూ’ అనాలంటే ఆడవాళ్ళకి పాని, మగవాళ్ళకి పాన్.

“ఇప్పుడే తీరిక. లోపలికి రండి. ఏంటి సంగతి?”

“పట్నంలో ముందు చెప్పకుండా ఒకరింటికి ఒకరు పోరు. రేపు పదింటికి వస్తాను.”

మర్నాడు సరిగ్గా పదింటికి, టై కట్టుకుని వచ్చాడు. సంగతేమిటంటే, ఇంట్లో ఉప్పు అయిపోయింది.

“నిన్ననే అడిగితే ఇచ్చేదాన్ని కదా!”

“నిన్న రాత్రి చప్పటి సూపే తాగాను. ఫరవాలేదు. పట్నవాసం అంటే కొన్ని ఇబ్బందులుంటాయి.”

ఊళ్ళో చిన్నవాళ్ళంతా ఆయన్ని మామా అంటారు. ఆయన ఒప్పుకోడు. “పట్నంలో మామలూ బాబాయిలూ ఉండరయ్యా. పాన్ హియరోనిమ్ అనాలి,” అంటాడు. కొట్టు నడిపే క్సావెరీ కావాలనే, “అట్లాగే మామా,” అంటాడు.

పట్నంలో దారినపోయేవాళ్ళని పలకరించరని ఎక్కడో విని, ఒక వారం ఆ పద్ధతీ పెట్టి చూశాడు. బోగ్నా ఎదురొస్తే బిగుసుకుపోయి, ముందుకే చూస్తూ దాటిపోయాడు. మలుపు తిరిగేదాకా వెళ్ళి, అక్కణ్ణుంచి వగరుస్తూ వెనక్కి పరుగెత్తుకొచ్చాడు.

“నమస్కారం పాని బోగ్నా. మోకాలి నొప్పి ఎలా ఉంది? ఇందాక పట్నం వాణ్ణి కాబట్టి అడగలేదు. ఏమీ అనుకోకండి.”

అడ్డంగా పడుకున్న ఆవు ముందు ఒక ట్రాక్టరు ఆగితే, “చూశారా, రద్దీ!” అని మురిసిపోయేవాడు. రెండో ట్రాక్టరు కూడా వచ్చి ఆగిన రోజున సంబరం పట్టలేక ఇంటింటికీ చెప్పొచ్చాడు. క్సావెరీ వాళ్ళ బంగాళాదుంపల చేను ఆయనకి ‘శివారు ప్రాంతం’. బోగ్నా కోళ్ళు ‘నగర పక్షులు’.

వీటన్నిటినీ బోగ్నా భరించేది. ఆవిడకి ఒళ్ళు మండేది ఆ ఉద్యోగాల దగ్గర.

హియరోనిమ్ తన పట్నానికి తనే ఉద్యోగులను నియమించుకున్నాడు. చౌకు పక్కన కిటికీలో పగలంతా కూర్చుని ఉండే జెనోబియా ముసలమ్మ ‘రద్దీ పర్యవేక్షకురాలు’. కాళ్ళు పట్టేసి ఆవిడ గడప దాటి మూడేళ్ళయింది. రోజూ పదకొండింటికి హియరోనిమ్ ఆ కిటికీ కింద నిలబడి టోపీ తీస్తాడు.

“పాని జెనోబియా, నివేదిక?”

“పొద్దుట్నుంచి ట్రాక్టర్లు రెండు, పాల వ్యాను ఒకటి, ఫాదరు గారు సైకిలు మీద ఒకసారి. సిగ్నల్ చూపించకుండానే మలుపు తిరిగాడు!”

“నేను మాట్లాడతాను,” అనేవాడు హియరోనిమ్ గంభీరంగా. నిజంగానే వెళ్ళి మాట్లాడేవాడు. పాపం ఫాదరు ఇప్పుడు ఆ కిటికీ దగ్గరికి రాగానే చెయ్యి చాపి మరీ తిరుగుతున్నాడు.

రంపపు మిల్లు మూసేశాక పనిలేక, పొద్దున్నుంచే సీసా పట్టుకు తిరిగే లుత్సియాన్ ‘ఉద్యానవనాల డైరెక్టరు’. ఉద్యానవనం అంటే చౌకులో మూడు లిండెన్ చెట్లూ, ఒక బెంచీ. “డైరెక్టరు గారూ, రెండో చెట్టు కింద ఆకులు పేరుకున్నాయి. బయటి ఊరివాళ్ళు చూస్తే ఏమనుకుంటారు?” అని హియరోనిమ్ అడిగితే, లుత్సియాన్ సీసా పక్కన పెట్టి చీపురు అందుకునేవాడు.

“వాళ్ళతో ఆడుకుంటున్నారు మీరు,” అంది బోగ్నా ఒకసారి, ఉండబట్టలేక. “ఉత్తుత్తి ఉద్యోగాలిచ్చి ఊళ్ళో నవ్వులపాలు చేస్తున్నారు.”

“ఉత్తుత్తివా?” హియరోనిమ్ నొచ్చుకున్నాడు. “ఉద్యానవనం చూశారా మీరు, ఎంత శుభ్రంగా ఉందో?”

ఇలా ఉండగా, ఊరిని మళ్ళీ పట్నం చెయ్యమని ఏళ్ళ తరబడి ఆయన పెట్టే పోరు పడలేక, చుట్టుపక్కల ఊళ్ళన్నిటి పాలన చూసే మండలి వాళ్ళు ఒక నిర్ణయానికొచ్చారు. ఒల్షానెక్ జనాన్నే అడుగుదాం, ఎక్కువమంది సరేనంటే ప్రభుత్వానికి రాద్దాం. ప్రభుత్వం ఒప్పుకుంటే కొత్త సంవత్సరం మొదటి రోజు నుంచి ఒల్షానెక్ మళ్ళీ పట్నం. జనాన్ని పోగుచేసి సభ పెట్టించే బాధ్యత ఊరి పెద్దది.

అంటే బోగ్నాది. పట్నానికి పల్లె పెద్ద ఉండదు. సభ నెగ్గితే ఆ ఎర్ర పలక ఊడుతుంది.

ఆ సంగతి ఆవిడ ఎవరితోనూ అనలేదు. భర్త పోయి ఆరేళ్ళు. పిల్లలు లేరు. పొద్దున లేచి నోటీసులు అతికించడం, కుక్కలకి సూదిమందు ఎప్పుడో ఇంటింటికీ చెప్పడం, తగువులొస్తే ఇద్దరికీ చెరో కప్పు టీ పోసి కూర్చోబెట్టడం. రోజులో పది మంది ఆ గేటు తోసుకుని వచ్చేవాళ్ళు, పలక ఉంది గనకే వచ్చేవాళ్ళు. పలక లేని గేటు ఎవరు తోస్తారు?

సభ అగ్నిమాపక దళం షెడ్డులో పెట్టారు. ఫైరింజను బయటికి తోలి, లోపల బెంచీలు వేశారు. గ్రామీణ గృహిణుల సంఘం వాళ్ళు జున్ను కేకు తెచ్చారు. జెనోబియా ముసలమ్మని లుత్సియాన్ కుర్చీతో సహా మోసుకొచ్చాడు, ఒక్క చుక్క తాగకుండా. హియరోనిమ్ వారం రోజులుగా వీధివీధీ తిరిగి ఉపన్యాసాలిచ్చి గొంతు పోగొట్టుకున్నాడు. తీరా అసలు రోజున ఆయన నోట్లోంచి ఈల తప్ప మాట రావడం లేదు.

మొదట లేచింది గృహిణుల సంఘం అధ్యక్షురాలు గెనోవెఫా. “పట్నమైతే మా సంఘం పేరేం కావాలి? గ్రామీణ గృహిణులం అని బోర్డు రాయించి రెండు నెలలు కాలేదు!”

“గ్రామీణ అన్న ముక్క మీద టేపు అతికించు,” అన్నారెవరో.

“నోటికి అతికిస్తా!”

నవ్వులు ఆగకముందే క్సావెరీ లేచాడు. “హియరోనిమ్ మామా, మా ఇంట్లో నాలుగు ఓట్లున్నాయి. నాలుగూ నీకే. ఒక్క షరతు. అందరి ముందూ ‘మాది పల్లె’ అని ఒక్కసారి అను. చాలు.”

షెడ్డంతా ఈలలు, చప్పట్లు. “అను మామా! నాలుగు ఓట్లు!” హియరోనిమ్ లేచాడు. మొహం ఎర్రబడింది. టై సర్దుకున్నాడు. నోరు తెరిచాడు.

“మాది... ప... ప...”

అందరూ ముందుకి వంగారు.

“...పట్నం!” అని కీచుగా అని, కూర్చుండిపోయాడు.

“పోయె నాలుగు ఓట్లు,” అన్నాడు క్సావెరీ.

నవ్వు సద్దుమణిగాక వెనక బెంచీ నుంచి ఒకావిడ అసలు ప్రశ్న అడిగింది. “ఇవన్నీ కాదు. పట్నమైతే కోళ్ళని పెంచుకోనివ్వరట కదా? పక్క ఊళ్ళో అంటున్నారు. నిజమేనా?”

అందరి ఇళ్ళల్లోనూ కోళ్ళున్నాయి. హియరోనిమ్ చేతులు ఊపాడు, తల అడ్డంగా తిప్పాడు, గొంతులోంచి ఈల వచ్చింది. అది కాదనడమో, ఏడవడమో ఎవరికీ తెలియలేదు. అందరూ బోగ్నా వైపు తిరిగారు. “బోగ్నక్కా, నువ్వు చెప్పు. నీకు తెలిసుంటుంది.”

బోగ్నాకి తెలుసు. ముందురోజే మండలి కార్యాలయంలో అడిగి కనుక్కుంది. కోళ్ళకి ఏమీ కాదు. ఆ మాట చెప్పకుండా, “ఏమో, చూడాలి,” అన్నా చాలు. సభ అక్కడికక్కడే ముగుస్తుంది, పలక గోడ మీదే ఉంటుంది. ఆవిడ హియరోనిమ్ వైపు చూసింది. టోపీ ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులతో దాని అంచు నలుపుతున్నాడు. ఆయన పక్కన లుత్సియాన్, గడ్డం గీసుకుని, డైరెక్టరు లాగే కూర్చున్నాడు.

“కోళ్ళకేం కాదు,” అంది బోగ్నా. “అడిగొచ్చాను. పుంజులు కూడా కూసుకోవచ్చు. ఎవరో కోసిన కోతలు అవి.”

పద్నాలుగు ఓట్ల తేడాతో పట్నం నెగ్గింది. హియరోనిమ్ ఆనందం పట్టలేక బోగ్నా రెండు చేతులూ పట్టుకుని ఊపాడు. గొంతు లేదు కాబట్టి ఉపన్యాసం తప్పింది. ఆ వేసవిలో ప్రభుత్వం కూడా ఒప్పుకుంది.

కొత్త సంవత్సరం రోజు పొద్దున, రాత్రి కాల్చిన టపాసుల కాగితాలు మంచు మీద ఇంకా చెల్లాచెదురుగా ఉండగానే, బోగ్నా పీట వేసుకుని, స్క్రూడ్రైవరుతో పలక విప్పుతోంది. ఎవరో వచ్చి తీయమనేలోగా తనే తీసేస్తే మర్యాద అనుకుంది. మూడు స్క్రూలు ఊడాయి. నాలుగోది తుప్పు పట్టి మొరాయిస్తోంది.

గేటు దగ్గర దగ్గు వినిపించింది. హియరోనిమ్. కొత్త టై, తళతళలాడే బూట్లు. ముందుగా చెప్పకుండా ఆయన ఈ ఇంటికి రావడం ఇదే మొదటిసారి.

“దిగండి, దిగండి! ఏం చేస్తున్నారక్కడ?”

“మీ పట్నానికి అడ్డం తొలగిస్తున్నా. శుభాకాంక్షలు, పాన్ హియరోనిమ్. గెలిచారు.”

“గెలిచానే గాని,” అన్నాడాయన తల గోక్కుంటూ, “రాత్రంతా నిద్ర పట్టలేదు. ఒక పెద్ద లోపం కనిపెట్టాను. పట్నం వాళ్ళు ఆదివారం పూట ఏం చేస్తారు?”

“నాకేం తెలుసు?”

“ఊరి బయటికి పోతారు. గాలి మార్పుకి. కోళ్ళూ మేకలూ చూసి, టీ తాగి, కబుర్లు చెప్పుకుని వస్తారు. మరి మనవాళ్ళెక్కడికి పోవాలి? అందుకని చక్కగా ఆలోచించాను. మీ గేటు నుంచి వెనక మేకల పాక దాకా ఉన్నదంతా...” ఆయన ఆగాడు. అటూ ఇటూ చూశాడు. గొంతు సవరించుకున్నాడు. మొహం సభలో కన్నా ఎర్రబడింది.

“...పల్లె,” అన్నాడు.

బోగ్నా చేతిలోని స్క్రూడ్రైవరు మంచులో పడింది.

“ఏమన్నారు?”

“విన్నారుగా. రెండోసారి అనలేను.” చేతిరుమాలుతో నుదురు తుడుచుకున్నాడు. “పట్నమన్నాక దగ్గర్లో అదొకటి ఉండాలి. దానికో పెద్ద ఉండాలి. మిమ్మల్నే నియమించాను.”

“నా పల్లె జనాభా ఎంతో?”

“మీరు, రెండు మేకలు, నగర పక్షులు. కాదు కాదు, ఇక మామూలు కోళ్ళే. పని మాత్రం చాలా ఉంటుంది. గెనోవెఫా వాళ్ళ సంఘం సమావేశాలన్నీ ఇక ఇక్కడే. గ్రామీణ అని బోర్డుంది కదా, పట్నంలో ఎలా జరుపుకుంటారు పాపం? క్సావెరీకీ వాళ్ళ అన్నకీ కంచె తగువు మళ్ళీ మొదలైంది, వాళ్ళనీ పంపిస్తాను. మధ్యాహ్నం డైరెక్టరు గారు పాక కప్పు చూడ్డానికొస్తారు.”

బోగ్నా పీట దిగింది. చౌకు అవతల కిటికీలో జెనోబియా ముసలమ్మ, ఎప్పటిలాగే తెల్లారేసరికి జుట్టు దువ్వుకుని డ్యూటీలో కూర్చుని ఉంది. చెట్ల కింద లుత్సియాన్ టపాసుల కాగితాలు ఊడుస్తున్నాడు, నెమ్మదిగా, ఒక్క ముక్క వదలకుండా. ఎప్పుడో ఈయనతో తను ‘ఉత్తుత్తి ఉద్యోగాలు’ అన్నది గుర్తొచ్చి బోగ్నాకి చెవులు వేడెక్కాయి.

హియరోనిమ్ మంచులోంచి స్క్రూడ్రైవరు తీసి, పీట ఎక్కి, వేలాడుతున్న పలకని సరిచేసి స్క్రూలు బిగించాడు. ఈసారి తల తిప్పుకోలేదు. బిగించాక దిగి, కొంచెం దూరం జరిగి, వంకర ఏమైనా ఉందా అని చూశాడు కూడా.

“మరి లోపలికి రండి, పాన్ హియరోనిమ్,” అంది బోగ్నా. “టీ పెడతాను.”

“పాన్ ఏంటి, బోగ్నమ్మా?” అన్నాడాయన బూట్లకి అంటిన పట్నం మంచు దులుపుకుంటూ. “ఇక్కడ మామా అంటేనే బాగుంటుంది.”

తలుపు మూసుకున్న కాసేపటికి, పదకొండు కాకముందే, అవతల కిటికీ రెక్క తెరుచుకుంది. ముసలమ్మ కేక చౌకంతా వినిపించింది.

“డైరెక్టరు గారూ! పాన్ హియరోనిమ్ కనిపిస్తే నివేదిక చెప్పండి! పొద్దుట్నుంచి రద్దీ ఒకటే. పట్నం నుంచి పల్లెకి ఒక మనిషి. ఇంకా తిరిగి రాలేదు!”