మిద్దె మీద నేను, రేడియోలో అక్క

మా సైన్సు అయ్యవారు ధ్వని పాఠం మొదలుపెట్టడానికి వారం ముందే నేను ఏడో తరగతికి దండం పెట్టి మగ్గం గుంతలోకి దిగిపోయాను. ఇంకో వారం ఓపిక పట్టి ఉంటే మా అమ్మకు అంత అన్యాయం జరిగేది కాదేమో. అయితే ఆ పాఠం విని బాగుపడినవాళ్లు కూడా మా తరగతిలో ఎవరూ కనపడరు. కాబట్టి తప్పంతా నా చదువుదే అని ఒప్పుకోను.

మగ్గం ధర్మవరంలో, ఇల్లు పెనుకొండలో. తొంభైల చివర్లో వారానికొకసారి రైల్లో ఇంటికి వచ్చి పోతుండేవాణ్ణి. ధర్మవరంలో మగ్గం పక్కనున్న రేడియోకు జానెడు తీగ తగిలిస్తే చాలు, అనంతపురం ఎఫ్ఎం గణగణ పలికేది. అదే రేడియోను పెనుకొండకు తెస్తే కొండ అడ్డం. మా వీధిలో ఎవరింట్లో పెట్టినా కాలిన పెనం మీద నీళ్లు చల్లినట్టు చుయ్‌మనడమే తప్ప మనిషి గొంతు రాదు. ఆ కొండనూ కోటనూ చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. నాకు దాన్ని చూస్తే ఒళ్లు మండేది.

అందుకే ఏంటెనాల పిచ్చి పట్టింది. సైకిలు రిమ్ము, గొడుగు కమ్మీలు, దండెం తీగ, అన్నీ మిద్దె ఎక్కినాయి. "బట్టలారేసేదానికన్నా రోంత తీగ మిగల్చురా" అనేది అమ్మ. అన్నేళ్ల కష్టానికి దక్కిన ఫలం ఏమంటే, ఒకరోజు అరనిమిషం పాటు ఎరువుల ధరలు వినపడినాయి. అదేదో ఘనకార్యమైనట్టు ఏడాది పొడుగునా చెప్పుకుని తిరిగాను.

ఇట్లుండగా హిందూపురంలో ఉన్న మా అక్క రేడియోకు ఎక్కింది. అనంతపురం పోయి పాడి వచ్చింది. వచ్చే నెలలో ఒక గురువారం సాయంత్రం ఆరున్నరకు వేస్తారంట, ఒక్కసారే. ఆ పాట ఎవరిదనుకున్నారు? మా అమ్మది. శెనక్కాయలు ఒలిచేటప్పుడు అమ్మ తనలో తాను పాడుకునేది. అక్క పక్కన కూర్చుని పట్టుకుంది.

"ఇంట్లో పాడితే ఎవురైనా వింటారు. పేరు చెప్పి, ఊరు చెప్పి పాడిస్తారంట కదా, అది వినాల నేను" అంది అమ్మ. "నన్ను ధర్మవరం పిల్చుకపోరా. ఆ మగ్గం కాడ్నే కూచోని వింటా."

ఆ మాటకు సరే అని ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

"ఆ మోకాళ్లతో రైలెక్కుతావా? ఇంట్లోనే వినిపిస్తా కూచోమా" అన్నాను.

"నిజంగా?"

"నిజంగా."

చేతిలో మూడు వారాలున్నాయి. ధర్మవరంలో రేడియో రిపేరు చేసే ఒకాయన నాకు స్నేహం. కరెంటును అన్నింటికన్నా బాగా మోసేది వెండి అని ఆయన ఎప్పుడో అన్నాడు. వెండి నేను యాడ తెచ్చేది? అప్పుడు తట్టింది: రోజంతా నా చేతిలో తిరిగేది జరీ కదా, దాంట్లో వెండి కదా ఉండేది! మగ్గం మీద మిగిలిన జరీ కొసలన్నీ పోగేసి, పురి పెట్టి, తాడులాగా పేని మిద్దె మీద కట్టాను. ఎండకు ధగధగ మెరిసింది. వీధిలో వాళ్లు పెండ్లా ఏమని అడిగినారు. రేడియో మాత్రం చుయ్‌మనే అంది.

ఆ జరీ తాడును చుట్టగా చుట్టి రిపేరాయన ముందు పెట్టాను. మీటరు తగిలించి చూసినాడు. ముల్లు కదల్లేదు.

"ఏమప్పా, దీంట్లో వెండి యాడుండాది? ప్లాస్టిక్కు పట్టీకి మెరుగు పూసినారు. ఎన్నేండ్ల నుంచి నేస్తాండావు?"

"పన్నెండు."

"బలే నేసినావులే" అన్నాడు. అంగడిలో ఉన్న నలుగురూ నవ్వినారు. వారం పోయింది.

ఆయన చెప్పిన ప్రకారం హిందూపురం పోయి పాత సామాన్ల అంగడిలో రెండు అల్యూమినియం గొట్టాలు వెతికి తెచ్చాను. ఒక్కొక్కటి డెబ్బై అయిదు సెంటీమీటర్లు కోయమన్నాడు. మాకు సెంటీమీటర్లెక్కడ? మూరన్నర మీద నాలుగు వేళ్లు అని లెక్కేసుకుని కోశాను. ఒకటి పొట్టిగా వచ్చింది. మళ్లీ హిందూపురం.

గురువారం అయిదింటికే మిద్దె ఎక్కాను. గొట్టాలను వెదురుబొంగుకు అడ్డంగా కట్టి, బొంగును పిట్టగోడకు ఆనించి, తీగను గవాక్షిలోంచి కిందికి రేడియోకు దించాను. పైనుంచి వెలుతురు పడేదానికి మిద్దెలో వదిలే కంత అది. సరిగ్గా దాని కిందనే రేడియో, రేడియో పక్కన పీట మీద అమ్మ.

బొంగును పట్టుకుంటే స్టేషను వస్తుంది, వదిలేస్తే పోతుంది. ఎన్నిసార్లు కట్టినా అంతే. సరే, పాటయ్యేదాకా పట్టుకునే నిలబడదామనుకున్నాను. పిట్టగోడ దగ్గర గాలి హోరుకు రేడియో నాకు వినపడదు.

ఆరున్నరయింది. "వచ్చెరా! అక్క పేరు చెప్తాండారు!" కింద నుంచి అమ్మ కేక.

"బాగా వస్తాందా? గర్రుమంటాందా?"

"రోంత గర్రు ఉండాది. పర్వాలేదు."

మూడు వారాలు నేను కష్టపడింది పర్వాలేదనిపించుకోవడానికా? బొంగును రవ్వంత తిప్పాను.

"ఇప్పుడు?"

"పోయె!"

"ఇప్పుడు వస్తాందా?"

"వచ్చె, వచ్చె!"

"ముందుకన్నా బాగుందా?"

గవాక్షి వైపు వంగి గట్టిగా అరిచాను. "మా! వస్తాందా?" జవాబు లేదు. పోయినట్టుందని ఇంకొంచెం తిప్పాను. "వస్తాందామా?" మళ్లీ తిప్పాను.

అమ్మ మోకాళ్లు పట్టుకుని వాకిట్లోకి వచ్చి చెయ్యి పైకెత్తింది. ఇంకా పైకి లేపమంటోంది కాబోలని బొంగు ఎత్తి పట్టుకున్నాను. అమ్మ నెత్తి కొట్టుకుని లోపలికి పోయింది.

నేను దిగేసరికి రేడియోలో ఎవరో మగాయన పురుగుమందు ఎట్లా చల్లాలో చెప్తున్నాడు. స్పష్టంగా కూడా ఉంది. నాకు ఏడుపొచ్చింది, దాని వెనకే కోపమూ వచ్చింది.

"బాగుందని ఒక్క మాట చెప్పకూడదామా? కదలకుండా నిలబడేవాణ్ణి కదా! మూడు వారాలు చచ్చినా దీనికోసం. ఇంతకీ పాట విన్యావా లేదా?"

అమ్మ రేడియో కట్టేసింది.

"విన్నాలేరా, నీదే. 'వస్తాందా, వస్తాందా' అని పల్లవి ఒకటే. చరణమన్నా ఉంటుందేమోనని కాచుకోని కూచుంటి."